పదకొండేళ్ల ఫోనులో పనిచేసే యాప్ స్టోర్: నా అనుభవం

2014లో కొన్న ఒక ఫోను మా ఇంట్లో ఉంది. ఆండ్రాయిడ్ 4.4.2, కిట్‌క్యాట్ అని పిలిచే కూర్పు. అందులో ఇప్పుడు, అంటే 2025 ఫిబ్రవరిలో, ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ తెరుచుకుంటోంది. యాప్‌లు దిగుతున్నాయి, వాటికి కొత్త కూర్పులు వస్తే కబురు కూడా వస్తోంది. జనవరి 18న మొదలైన పని ఫిబ్రవరి 8 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. స్టోర్‌ను ఎక్కించడానికి నిజంగా పట్టింది కొద్ది నిమిషాలే. మిగతా రోజులన్నీ అది ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టడానికే పోయాయి. ఆ కారణం ముందే తెలిసి ఉంటే ఒక్క సాయంత్రంలో అయిపోయేది. పాత ఫోను పారేయడానికి చేతులు రానివారికి ఆ సాయంత్రమైనా మిగలాలని ఇది రాస్తున్నాను.

ఫోను మా పెద్దమ్మది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు, ఉండేది తెనాలి. పెదనాన్న బతికుండగా పద్యనాటకాలంటే ప్రాణం పెట్టేవారు. రాత్రంతా కూర్చుని చూసొచ్చిన నాటకాలను టేపు రికార్డరులో పట్టుకుని దాచుకున్నారు. ఆ క్యాసెట్లన్నిటినీ మా బావ రెండేళ్ల కిందట కంప్యూటర్‌లోకి ఎక్కించి, చోటు తక్కువ పడుతుందని ఓపస్ ఫైళ్లుగా మార్చి, ఒక మెమరీ కార్డులో వేసి ఇచ్చాడు. పెద్దమ్మకు వాళ్లబ్బాయి కొనిచ్చిన కొత్త ఫోను ఉంది. వీడియోలో మనవరాలిని చూసుకోవడానికి తప్ప దాన్ని ముట్టుకోదు. వేలు ఎటు జరిపితే ఏది మాయమవుతుందో తెలియదని ఆమె భయం. పాత ఫోనుకు కింద నొక్కే బటన్ ఉంది. ఏమైనా అయితే ఆ బటన్ నొక్కితే చాలు, మొదటికి వస్తుంది. అందుకే "నాన్నా, నా పాత ఫోనులో మీ పెదనాన్న పద్యాలు పలికేలా చెయ్యి" అంది.

వినడానికి చిన్న కోరికే. కానీ ఓపస్ శబ్దాన్ని ఆండ్రాయిడ్ 5.0 నుంచే ఫోను తనంతట తాను చదవగలదు. 4.4లో ఉన్న పాటల యాప్‌కు ఆ ఫైలు అంటే ఏమిటో తెలియదు. వీఎల్‌సీ లాంటి ప్లేయర్ యాప్ అయితే ఆ ఫైలును విప్పే డీకోడర్‌ను తనలోనే పెట్టుకుని వస్తుంది. దాన్ని దించాలంటే స్టోర్ కావాలి. పని అలా మొదలైంది.

జనవరి 18, శనివారం. ఫోను హైదరాబాదు తెచ్చుకుని వెనక మూత చూస్తే మధ్యలో పైకి లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. సంవత్సరాల తరబడి సొరుగులో పడున్న ఫోను మీ దగ్గర ఉంటే, ఛార్జర్ పెట్టే ముందు తప్పకుండా మూత తీసి చూడండి. ఉబ్బిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం. దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు, గుచ్చకూడదు కూడా. నేను విడిగా ఒక రేకు డబ్బాలో పెట్టి, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే చోట ఇచ్చాను.

సోమవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లాను. ఈ మోడల్‌కు 2600 ఎంఏహెచ్ బ్యాటరీ కావాలి. అడిగిన ప్రతిచోటా ముందు ఫోను వైపు, తర్వాత నా వైపు చూశారు. చివరికి దొరికింది, 450 రూపాయలు. కంపెనీది కాదు, వేరెవరో తయారుచేసినది. ఆ విషయం అమ్మినతను దాచకుండా చెప్పాడు, అందుకు సంతోషం. ఇంకో దుకాణంలో మాత్రం "500 ఇవ్వండి, సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తది వేసి ప్లే స్టోర్ కూడా నడిచేలా చేసిస్తాం" అన్నారు. ఏం వేస్తారని అడిగితే పెన్‌డ్రైవులో ఉన్న ఏదో ఫైలు చూపించారు. అది ఎక్కడిదో, ఎవరు మార్చారో వారికీ తెలియదు. వద్దని వచ్చేశాను. ఒక పెద్దావిడ ఫోనులో ఊరూపేరూ లేని ఫైలును ఎక్కించడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఛార్జింగ్ ఎక్కి ఫోను వెలిగింది. వెంటనే గీతల తాళం అడిగింది. అదేమిటో పెద్దమ్మకు గుర్తు లేదు, పెట్టింది పెదనాన్న. ఫ్యాక్టరీ రీసెట్ తప్ప దారి లేదు. రికార్డులన్నీ కార్డులోనే ఉన్నాయి కాబట్టి ముందు కార్డు బయటికి తీసి, దాని నకలు కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. తర్వాత ఫోను ఆపేసి, శబ్దం పెంచే బటన్, హోమ్ బటన్, పవర్ బటన్ కలిపి పట్టుకుంటే రికవరీ తెర వచ్చింది. అక్కడి నుంచి రీసెట్ చేశాను. ఇక్కడ పాత ఫోను నా పక్షాన నిలిచింది. రీసెట్ చేశాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగే రక్షణ ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. 4.4లో అది లేదు కాబట్టి ఏ ఖాతా లేకుండానే లోపలికి వెళ్లగలిగాను. పెదనాన్న ఖాతా పాస్‌వర్డ్ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రక్షణే ఉండుంటే కథ అక్కడితో ముగిసేది.

ఆ తర్వాత వైఫై. ఫోను మా ఇంటి నెట్‌వర్క్ పేరు చూపిస్తోంది కానీ కలవడం లేదు. పాస్‌వర్డ్ సరైనదే. చాలాసేపు చూశాక రౌటర్ సెట్టింగుల్లో విషయం దొరికింది. మా రౌటర్‌లో వైఫై భద్రత కొత్త పద్ధతైన డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంది. ఆండ్రాయిడ్‌కు అది 10వ కూర్పుతో వచ్చింది, ఈ ఫోనుకు తెలియదు. అతిథుల కోసం ఉండే రెండో నెట్‌వర్క్‌ను దానికి ముందటి డబ్ల్యూపీఏ2తో తెరిచి, ఈ ఫోనును అందులో కలిపాను. అలా వేరుగా పెట్టడం భద్రతకూ మేలే. పాత ఫోనులో ఏదైనా తేడా వచ్చినా ఇంట్లోని మిగతా పరికరాల జోలికి రాకుండా ఉంటుంది.

వైఫై కలిసినా ఏ సైటూ తెరుచుకోలేదు. ఈసారి కారణం తేదీ. బ్యాటరీ చచ్చిపోయి ఏళ్లు గడవడంతో ఫోను తాను 2014లో ఉన్నాననుకుంటోంది. సురక్షిత సైటు తాను అసలైనదేనని చెప్పే డిజిటల్ పత్రం, అంటే సర్టిఫికెట్, చూపిస్తే 'ఇది ఇంకా అమల్లోకి రాలేదు' అని తోసిపుచ్చుతోంది. సిమ్ వేయలేదు కాబట్టి నెట్‌వర్క్ నుంచి సమయం రాలేదు. తేదీ, సమయం, భారత కాలమానం చేత్తో సరిచేశాక కొన్ని సైట్లు తెరుచుకున్నాయి. కొన్ని మాత్రం తెరుచుకోలేదు. ఈ 'కొన్ని' అన్న మాట గుర్తుంచుకోండి. నా మిగతా రోజులన్నీ దాని వెనకే పోయాయి.

ఫోనుతోపాటు వచ్చిన స్టోర్ సంగతి. ఖాతా చేర్చబోతే సర్వర్‌తో మాట్లాడలేకపోతున్నానంది. పెద్దమ్మ పేరుతో కొత్తగా తెరిచిన ఖాతాతోనూ అదే జవాబు. దీనికి ఎవరినీ తప్పుపట్టను. కిట్‌క్యాట్ 2013 అక్టోబరు 31న విడుదలైంది. ప్లే స్టోర్‌కు ఆయువుపట్టయిన ప్లే సర్వీసెస్‌ను కిట్‌క్యాట్ కోసం ఇక నవీకరించబోమని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ ఆగస్టు నుంచి ఆపేసింది. అప్పటికి వాడుకలో ఉన్న ఆండ్రాయిడ్ పరికరాల్లో ఆ కూర్పువి ఒక శాతం కంటే తక్కువ. దాదాపు పదేళ్లు నడిపారు. నా బాధల్లా ఒకటే. ఫోను అందుకు సిద్ధం కావడానికి వీలున్న రోజుల్లో అది సొరుగులో ఉంది.

జనవరి 22 నుంచి రెండు మూడు రాత్రులు చదవడానికే సరిపోయాయి. నా ముందు కనిపించిన దారుల్లో మొదటిది, ఎవరో మార్చిపెట్టిన ప్లే స్టోర్ ఫైలు. ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లు పెద్దవిగా పెట్టుకున్న సైట్లు వీటితో నిండి ఉన్నాయి. ఒక యాప్‌ను అసలు తయారీదారు కాకుండా మరొకరు మార్చితే దాని డిజిటల్ సంతకం మారిపోతుంది. ఆ సంతకం సరిచూడకుండా ఫైళ్లు పంచే చోటు నుంచి స్టోర్ లాంటి కీలకమైనదాన్ని తెచ్చుకోవడం కంటే పద్యాలు లేకుండా ఉండటమే నయం. రెండోది, లీనేజ్ ఓఎస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం. అది చక్కటి దారే, కానీ ఈ మోడల్‌కు దొరికినవి ఎవరికి వారు సొంతంగా చేసుకున్నవి. పైగా తెర రూపమంతా మారిపోతుంది. పెద్దమ్మకు అలవాటైన తెర పోయాక పాత ఫోను ఉండి ప్రయోజనం ఏముంది? మూడోది ఎఫ్-డ్రాయిడ్.

ఎఫ్-డ్రాయిడ్ 2010లో మొదలైన స్టోర్. అందులో ఉండేవన్నీ సోర్సు కోడ్ బహిరంగంగా ఉన్న ఉచిత యాప్‌లు. ఖాతా అక్కర్లేదు, ప్లే సర్వీసెస్ అక్కర్లేదు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది దాని పాత కూర్పుల భాండాగారం. ఒక యాప్ కొత్త కూర్పు మన ఫోనుకు సరిపోకపోయినా, సరిపోయే పాత కూర్పు అక్కడ చాలావరకు ఉంటుంది. ప్రతి కూర్పు దగ్గరా ఏ ఆండ్రాయిడ్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది.

జనవరి 25, శనివారం ఉదయం పనిలోకి దిగాను. ఫోను బ్రౌజర్‌లో ఎఫ్-డ్రాయిడ్ సైటు తెరుచుకోలేదు. సర్టిఫికెట్‌ను నమ్మలేనంది. కంప్యూటర్‌లో ఏపీకే ఫైలు, అంటే యాప్‌ను ఎక్కించే ఫైలు, దించి కార్డు రీడరుతో కార్డులో వేశాను. రీడరు 120 రూపాయలు. ఫోనులో సెట్టింగులు, సెక్యూరిటీ కింద తెలియని చోట్ల నుంచి వచ్చిన యాప్‌లను అనుమతించే గడి టిక్ చేశాను. ఫైలు నొక్కగానే పార్సింగ్ సమస్య అనే సందేశం వచ్చింది. ఆ మాట చూసి ఫైలు చెడిపోయిందనుకుని మళ్లీ దించనక్కర్లేదు. ఆ యాప్‌కు మీ ఆండ్రాయిడ్ సరిపోదని చెప్పడానికి కిట్‌క్యాట్‌కు ఉన్న మాట అదే. సైటు మొదటి పేజీలో పెద్ద బటన్ కింద దొరికేది కొత్త ఫోన్ల కోసం చేసిన కూర్పు. భాండాగారంలోకి వెళ్లి ఆండ్రాయిడ్ 4 మీద పనిచేస్తుందని రాసి ఉన్న పాత కూర్పు వెతికి తెచ్చుకున్నాను. అది ఎక్కింది. నీలం రంగు గుర్తు తెర మీదకు రాగానే కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. జాబితా ఖాళీ. నవీకరించమంటే కాసేపు తిరిగి, సంబంధం కుదరలేదని ఎర్ర అక్షరాలు చూపించింది. ఆ శనివారం మధ్యాహ్నమంతా, మర్నాడు ఆదివారం గణతంత్ర దినోత్సవ సెలవంతా ఇదే. వైఫై మార్చాను, నా ఫోను నుంచి హాట్‌స్పాట్ ఇచ్చాను, యాప్ తీసేసి మళ్లీ పెట్టాను. మార్పేమీ లేదు. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. అప్పుడు తెరుచుకోనివాటి జాబితా కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని సర్టిఫికెట్ ఎవరిచ్చారో కంప్యూటర్‌లో చూశాను. అన్నిటి కిందా ఒకే పేరు కనిపించింది, సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్.

చిక్కుముడి విడిపోయింది అక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఏ సైటును నమ్మాలో ఫోను తనంతట తాను నిర్ణయించదు. తయారైనప్పుడే దానిలో, సైట్ల సర్టిఫికెట్లకు పూచీ పడే నమ్మదగిన మూల సర్టిఫికెట్ల జాబితా ఒకటి పెట్టి పంపుతారు. 2013 నాటి ఓటర్ల జాబితా చేతిలో పట్టుకుని 2025లో పోలింగు నడిపితే ఎలా ఉంటుందో ఈ ఫోను పరిస్థితి అలా ఉంది. ఎదురుగా వచ్చినవారు అసలైనవారే, కానీ జాబితాలో పేరు లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మూల సర్టిఫికెట్ పేరు ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1. అది 2015లో తయారైంది. ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోన్ల జాబితాలో ఉంది. అంతకు ముందటి ఫోన్ల కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ మరో పాత సంస్థ మూల సర్టిఫికెట్ పూచీతో నెట్టుకొచ్చింది. ఆ పాత మూలం గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. ఆండ్రాయిడ్ మూల సర్టిఫికెట్ల గడువును పట్టించుకోదన్న వెసులుబాటు వాడుకుని ఇంకో మూడేళ్లు పొడిగించారు. ఆ పూచీ 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అంటే ఈ ఫోనును ఇంకొన్నాళ్ల ముందు సొరుగులోంచి తీసి ఉంటే ఆ సైట్లు తెరుచుకునేవేమో. ఫోనులో చెడింది ఏదీ లేదు. దాని జాబితాకు వయసు మీరింది, అంతే.

జాబితాలో పేరు చేర్చవచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన సైటులోనే ఆ మూల సర్టిఫికెట్ ఫైలు పెట్టింది. కంప్యూటర్‌లో దించుకున్నాను. వేర్వేరు రూపాల్లో ఇస్తారు. డీఈఆర్ అనే రూపంలోది తీసుకుని, ఫైలు పేరు చివర సీఆర్‌టీ అని మార్చి కార్డులో వేశాను. పేరు మార్చకపోతే నా ఫోనుకు ఆ ఫైలు కనబడనే లేదు. సెట్టింగులు, సెక్యూరిటీ, అక్కడ నిల్వ నుంచి సర్టిఫికెట్ చేర్చే వరుస నొక్కితే పేరు పెట్టమంది. పెట్టాను. వెంటనే తెరకు తాళం పెట్టమంది. పిన్ గానీ గీతల తాళం గానీ లేకుండా కిట్‌క్యాట్ సర్టిఫికెట్‌ను చేర్చుకోదు. చేర్చుకున్నాక ఆ తాళాన్ని పూర్తిగా తీసేయనివ్వదు. తాళం మరచిపోవడం వల్లే రీసెట్ దాకా వచ్చిన ఫోనుకు మళ్లీ తాళమా అని దిగులేసింది.

చేర్చిన వెంటనే చేయవలసిన పని ఒకటుంది, దయచేసి దాన్ని వదిలేయకండి. మూల సర్టిఫికెట్ చేర్చడమంటే దాని పేరు మీద వచ్చే ప్రతి సైటునూ కళ్లు మూసుకుని నమ్మమని ఫోనుకు చెప్పడమే. అది అసలైనదో కాదో సరిచూసుకోవాలి. చేర్చాక ఫోనులో నమ్మదగిన సర్టిఫికెట్ల వరుసలో, యూజర్ అనే భాగంలో అది కనబడుతుంది. నొక్కితే దాన్ని గుర్తుపట్టే పొడవైన సంకేతం, అంటే ఎస్‌హెచ్ఏ-256 వేలిముద్ర, దాంతోపాటు గడువు కనిపిస్తాయి. అసలైనదాని వేలిముద్ర 96:బీసీ:ఈసీ:06 అని మొదలవుతుంది, గడువు 2035 దాకా ఉంటుంది. మొదటి నాలుగు జతలు చూసి ఊరుకోకుండా, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైటు నుంచి పూర్తి వేలిముద్ర తీసుకుని చివరిదాకా పోల్చాను. వేలుపెట్టి ఒక్కో అంకె చదివాను. సరిపోయింది.

జనవరి 26 రాత్రి పదిన్నర ప్రాంతంలో ఎఫ్-డ్రాయిడ్ తెరిచి నవీకరించమన్నాను. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. గీత కదలడం మొదలైంది. 1.5 జీబీ ర్యామ్ ఉన్న ఫోనుకు అన్ని వేల యాప్‌ల జాబితాను విప్పి రాసుకోవడం చిన్న పని కాదు. ఇరవై నిమిషాలకు పైగా పట్టింది, ఫోను వెచ్చబడింది. మధ్యలో ఆగిపోయిందేమో అనిపిస్తుంది, ఆపకండి. ఛార్జర్ పెట్టి, తెర ఆరిపోకుండా చూసుకుంటూ కూర్చున్నాను. యాప్‌ల పేర్లు ఒక్కొక్కటిగా తెర మీదకు వస్తుంటే నా భార్యను నిద్ర లేపి చూపించాను. తను కూడా సంతోషించింది, ఇక పడుకోమంది.

ఇంకో చిన్న మాట. ఇప్పటి సైట్లు కనీసం టీఎల్ఎస్ 1.2 అనే సురక్షిత పద్ధతి కోరుతాయి. కిట్‌క్యాట్‌లో అది ఉంది కానీ యాప్‌లకు దానంతట అది తెరుచుకోదు, ఆ సౌకర్యం 5.0తో వచ్చింది. ఎఫ్-డ్రాయిడ్ పాత కూర్పు ఆ తలుపు తనే తెరుచుకుంటుంది. అలా తెరుచుకోని యాప్‌లు సర్టిఫికెట్ చేర్చాక కూడా పనిచేయవు. మీకు ఒక యాప్ కలిసి మరొకటి కలవకపోతే కారణం ఇదీ కావచ్చు.

మర్నాటి నుంచి యాప్‌ల పని. వీఎల్‌సీ 3 వరుస ఆండ్రాయిడ్ 4.2 నుంచే పనిచేస్తుంది కాబట్టి భాండాగారం దాకా వెళ్లనక్కర్లేకుండా దొరికింది. దించి, ఇన్‌స్టాల్ నొక్కి, కార్డులోని పద్యాల ఫోల్డరు చూపించాను. మొదటి ఫైలు నొక్కగానే హార్మోనియం శ్రుతి వినిపించింది. వెనక ఎవరో దగ్గిన శబ్దం, తర్వాత రాగం. తెలుగులో ఉన్న ఫైళ్ల పేర్లు కూడా అక్షరాలు విరగకుండా కనిపించాయి. పక్కగదిలోంచి మా అమ్మ వచ్చి, ఆ గొంతు ఎవరిదో పేరుతో సహా చెప్పింది. నాకు అప్పటిదాకా పడిన శ్రమ గుర్తు రాలేదు.

తర్వాత ఎఫ్-డ్రాయిడ్ సెట్టింగుల్లో రిపాజిటరీల, అంటే యాప్‌లు తెచ్చుకునే చోట్ల, వరుసకు వెళ్లి భాండాగారాన్ని కూడా తెరిచాను. మామూలుగా అది మూసి ఉంటుంది. దాని జాబితా కోసం ఇంకో అరగంట. అయినా అది తెరవనిదే పాత ఫోనుకు స్టోర్ సగమే. మన ఫోనుకు సరిపోని యాప్‌లను ఎఫ్-డ్రాయిడ్ దాచేస్తుంది, అందువల్ల కనబడేవన్నీ ప్రయత్నించదగినవే. ఇంటర్నెట్‌లో రేడియో వినిపించే రేడియోడ్రాయిడ్ పెట్టాను, అందులో వెతికితే ఆకాశవాణి తెలుగు ప్రసారం దొరికింది. పొద్దున్నే వార్తలు వినే అలవాటున్న పెద్దమ్మకు ఇది నేను అనుకోకుండా దొరికిన కానుక. ఒక పాడ్‌కాస్ట్ యాప్ పాత కూర్పు ఎక్కింది కానీ మరీ నెమ్మది, తీసేశాను. ప్లే స్టోర్‌లోని యాప్‌లను ఖాతా లేకుండా దించే అరోరా స్టోర్ ఇప్పటి కూర్పులు 4.4కు పైవి, ఆ దారి నాకు కుదరలేదు. వాట్సాప్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, కుదరదు. 2023 అక్టోబరు 24 నుంచి దానికి కనీసం ఆండ్రాయిడ్ 5.0 ఉండాలి. దానికోసం పాత ఏపీకేలు వెతుక్కుంటూ తిరిగి ప్రయోజనం లేదు.

ఫిబ్రవరి 8, శనివారం రైల్లో తెనాలి వెళ్లి ఫోను ఇచ్చాను. పెద్దమ్మ మొదట చూసింది తెరపైన ఉన్న హెచ్చరిక. 'ఈ నెట్‌వర్క్‌ను మూడో వ్యక్తి గమనిస్తుండవచ్చు' అన్న భావంతో ఒక త్రికోణం గుర్తు అక్కడ ఉంటుంది. మనమే ఒక సర్టిఫికెట్ చేర్చాం కాబట్టి కిట్‌క్యాట్ చెప్పే జాగ్రత్త అది. తుడిచేస్తే పోదు, ఫోను ఆపి పెట్టినా మళ్లీ వస్తుంది. నేను ముందుగా చెప్పకపోయి ఉంటే ఆమె ఫోను పక్కన పెట్టేసేది. "ఎవరు గమనిస్తున్నారు నాన్నా?" అని అడిగింది. "ఎవరూ లేరు పెద్దమ్మా, నేనే దానికి ఒక కొత్త పేరు పరిచయం చేశాను, అది పాత మనిషి కదా, అనుమానపడుతోంది" అన్నాను. ఆమె తృప్తి పడింది. పెద్దవాళ్ల ఫోనులో ఇది చేసేవారు ఈ హెచ్చరిక గురించి ముందే చెప్పి ఉంచండి.

ఇక తాళం. వద్దంటుందేమోనని భయపడ్డాను. ఎప్పుడో తీసేసిన ఇంటి ల్యాండ్‌లైన్ నంబరులోని అంకెలు పెట్టమంది, అవి తనకు నిద్రలో కూడా గుర్తేనట. పెట్టాను. తాళం అసలే వద్దనుకునేవారికి ఒక మార్గం ఉంది. కావలసిన యాప్‌లన్నీ దించుకున్నాక చేర్చిన సర్టిఫికెట్‌ను తుడిచేస్తే తాళమూ తీసేయవచ్చు, హెచ్చరికా పోతుంది. దించిన యాప్‌లు అలాగే ఉంటాయి, స్టోర్ మాత్రం మళ్లీ మూగబోతుంది. కార్డులోని పాటలు వినడానికి మాత్రమే అయితే అది చాలు. రేడియో కూడా కావాలి కాబట్టి మేం ఉంచేశాం.

ఈ ఫోనులో సిమ్ వేయలేదు, వేయను కూడా. బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఈ కూర్పులో ఎలాగూ నడవవు. కానీ బ్యాంకుకు ముడిపడిన నంబరు సిమ్ పెడితే ఓటీపీలు ఇందులోకే వస్తాయి. చాలా ఏళ్లుగా భద్రతా మరమ్మతులు అందని ఫోనుకు ఆ బాధ్యత ఇవ్వడం తప్పు. పెద్దమ్మ మెయిల్ ఖాతా కూడా ఇందులో పెట్టలేదు. ఎఫ్-డ్రాయిడ్‌కు ఖాతా అవసరం లేకపోవడం ఈ విధంగా నాకు బాగా కలిసొచ్చింది.

ఖర్చు చెప్పాలంటే బ్యాటరీ 450, కార్డు రీడరు 120, కొత్త మైక్రో యూఎస్‌బీ కేబుల్ 100, అన్నీ కలిపి 670 రూపాయలు. స్టోర్‌కూ యాప్‌లకూ పైసా లేదు. బ్యాటరీ నిండా ఎక్కిస్తే తెర ఆర్పి పద్యాలు వింటే రోజంతా వస్తోంది, రేడియో అయితే సాయంత్రానికి అడుగంటుతోంది.

ఇప్పటికి రెండు వారాలు దాటింది. కిందటి ఆదివారం ఫోన్లో మాట్లాడుతూ, తెర మీద కొత్తగా ఏదో వచ్చిందని పెద్దమ్మ చెప్పింది. ఒక యాప్‌కు నవీకరణ ఉందన్న కబురు అది. ఈ పాత ఆండ్రాయిడ్‌లో ఎఫ్-డ్రాయిడ్ దానంతట అది యాప్‌ను మార్చేయలేదు, ప్రతిసారీ మనం ఇన్‌స్టాల్ నొక్కాలి. వదిలెయ్యమన్నాను, నేను వచ్చినప్పుడు చేస్తాను. దించిన ఏపీకేలన్నీ, ఎఫ్-డ్రాయిడ్ పాత కూర్పు, సర్టిఫికెట్ ఫైలు, వేలిముద్ర రాసుకున్న కాగితం ఫోటో, ఇవన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి కార్డులో ఒకటి, నా కంప్యూటర్‌లో ఒకటి ఉంచాను. మళ్లీ రీసెట్ చేయవలసి వచ్చినా తేదీ సరిచేయడం, సర్టిఫికెట్ చేర్చడం, స్టోర్ ఎక్కించడం, ఈ వరుసలో వెళితే జాబితా దిగే సమయం పోను అరగంట పని.